సుభద్రమ్మ గవ్వల లెక్క

చంద్రగ్రహణం ఏ వేళకు పడుతుందో గవ్వలు పేర్చి సుభద్రమ్మ మొట్టమొదట సరిగ్గా కట్టింది పదిహేడో ఏట. తండ్రి నరసింగరావు చెప్పిన వేళకు ఊరంతా పొయ్యిలార్పి, కుండల మీద దర్భలు వేసి కూర్చుంటే చంద్రుడికి మచ్చయినా పడలేదు. "ఇంకా గంట ఉన్నాది" అని వంటగదిలోంచి ఆమె అన్నది. సరిగ్గా గంటకే పట్టింది. అందుకు పక్కింటి కూర్మమ్మే సాక్షి.

ఆ తరువాత నలభై రెండేళ్లు గజపతినగరం చుట్టుపక్కల రైతులు ఆమె లెక్కతోనే విత్తనాలు చల్లారు, పెళ్లిళ్లు చేశారు. ముప్పై ఒక్క గ్రహణాలు కట్టింది, ఒక్కటీ తప్పలేదు. ఏటేటా ఆ ఇంట్లో రాసే పంచాంగం అట్ట మీద పేరు మాత్రం ముందు తండ్రిది, ఆనక అన్నయ్యది.

మొన్న అన్నయ్య కొడుకు రమేష్‌బాబు విశాఖ నుంచి ఖాళీ సంచితో దిగాడు. ఆ సంచి చూడగానే కూర్మమ్మకు అనుమానం పుట్టింది.

"పాత గణితం మీద ఎగ్జిబిషన్ పెడతన్నారత్తా. నీ పుస్తకాలియ్యి."

"ఎవుల పేరు రాస్తారు?" అంది సుభద్రమ్మ.

"తాత పేరే. పాత అట్టల మీద అదే కదా ఉన్నాది."

"సంచి ముందే తెచ్చీసినావు, బోర్డు కూడా ముందే రాయించీసినావేటి బావూ? ఆ ఫోనిటు సూపించు" అంది కూర్మమ్మ గుమ్మంలోంచి.

ఫోటోలో బోర్డుంది. నరసింగరావు గారి గణితమని, కింద మార్చి పదమూడు దాకా అని.

లెక్క గవ్వల్లోనే వేయాలి, కాగితం మీద కాదన్నది ఆ ఇంటి ఆచారం. తేలిన అంకె తండ్రో అన్నయ్యో పుస్తకంలో రాసుకుంటే, ఆమె గవ్వలు చేత్తో ఊడ్చేసేది. ఎవరు కట్టారో చెప్పే ఆనవాలు ఎక్కడా లేదు, ఆమె చేతుల్లో తప్ప.

"పుస్తకాలొక్కటే రావురా. గవ్వలట్టుకుని నేనూ వస్తాను. వచ్చే గ్రహణం ఆళ్ల ముందే కడతాను. సూసినాక రాయమను" అంది సుభద్రమ్మ.

మర్నాడు పొద్దున్న ఆమె మూట ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. రమేష్‌బాబు సంచి ఖాళీగానే వెళ్లింది.

"బస్సులో కునుకు తియ్యకు వొదినా, ఈడ్ని నమ్మకు!" అని కేకేసింది కూర్మమ్మ.

"బోర్డు మార్చకపోతే రేపు సాయంత్రం బస్సుకే వచ్చీస్తానే కూర్మీ. మారిస్తే ఎగ్జిబిషనయ్యేకే వస్తాను."

మర్నాడు మధ్యాహ్నం రమేష్‌బాబు ఫోన్ చేసి, "మీ వొదిన పేరే రాసేరు" అన్నాడు. కూర్మమ్మ నమ్మలేదు. సాయంత్రం బస్సుకు ఎదురెళ్లి, అందరూ దిగాక తానే ఎక్కి చివరి సీటుదాకా చూసింది. సుభద్రమ్మ లేదు.

అప్పుడు నమ్మింది. దిగి వస్తూ వీధంతా చెప్పింది, వొదిన వచ్చేది ఫాల్గుణ బహుళ దశమికని, మార్చి పద్నాలుగు, శనివారమని.