పక్కింటి ద్రాక్షపందిరి

ద్రాక్ష తిని కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్లు ఉంటారు. ద్రాక్షపందిరి కింద ఊరికే కూర్చుని కొంప ముంచుకున్నది మాత్రం, నాకు తెలిసి, కెనడాలోని మా రిచ్‌మండ్ హిల్ మొత్తానికి నేనొక్కదాన్నే.

అనుమానం ఉప్మా దగ్గర మొదలైంది. ఒకరోజు మా అమ్మాయి శ్రావ్య ఉప్మాలో జీడిపప్పులు చాప్‌స్టిక్స్‌తో ఏరుకుని తింది. ఆ వారమే పక్కింటివాళ్ల ద్రాక్షతీగకు నీళ్లు పోసే ఉద్యోగంలో చేరింది. ఆ ఇంట్లో కెవిన్ అనే చైనీస్ కుర్రాడున్నాడని మీకు వేరే చెప్పాలా?

"మన పుదీనా ఎండి చస్తుంటే పక్కింటి ద్రాక్షకి నీళ్లేమిటండీ?" అన్నాను మావారితో.

"ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం ఉండదా?" అన్నారాయన టీవీ వైపు చూస్తూ.

నా కంగారు నాది. మిస్సిసాగా డాక్టరుగారి అబ్బాయికి శ్రావ్య ఫొటో పంపి, ఆదివారం వాళ్లను భోజనానికి పిలిచి కూర్చున్నాను మరి.

ఆగస్టులో ఒక సాయంత్రం శ్రావ్య బయల్దేరింది. "మామ్, కెవిన్ వాళ్లకి ఇవాళ ఏదో ఫెస్టివల్. జస్ట్ స్టార్స్ చూసి వస్తా."

చుక్కలు చూడటానికి జుట్టు స్ట్రెయిట్ చేసుకోవాలా? ఫోన్లో వెతికాను. విడిపోయిన ఇద్దరు ప్రేమికులు ఏడాదికి ఒక్కసారి ఆకాశంలో పక్షులు కట్టిన వంతెన మీద కలుసుకునే రోజట! నా గుండెలో ఆ పక్షులన్నీ ఒక్కసారి లేచాయి.

కంచె సందులోంచి దూరి, వాళ్ల పెరట్లో ఎత్తైన చెక్క డెక్ పక్కనున్న ద్రాక్షపందిరి కింద గొంతుక్కూర్చున్నాను. నడుము విరిగింది కానీ నిఘా విరగలేదు.

ఇంతలో ఎవరో నా పక్కన స్టూలు వేశారు. కెవిన్ అమ్మమ్మ! ఆవిడను అందరూ 'పోపో' అంటారు కానీ ఆవిడ ఎక్కడికీ పోదు. ఇక నా పరువే పోతుందనుకున్నాను. ఆవిడేమో ముఖం వెలిగిపోతూ, ముక్కల ఇంగ్లీషులో అడిగింది: "నీకూ తెలుసా?"

ఈ రోజున ద్రాక్షపందిరి కింద కూర్చుంటే ఆకాశంలో ఆ జంట చెప్పుకునే మాటలు వినిపిస్తాయట. ఆవిడ ఏటా కూర్చుంటుంది. కాకపోతే చెవుడు.

"నీ చెవులు మంచివి. ఏమంటున్నారో చెప్పు."

సరిగ్గా అప్పుడే డెక్ మీద నుంచి శ్రావ్య గొంతు: "సండేలోపు మామ్‌కి చెప్పేయాలి."

"నో అంటే?" అన్నాడు కెవిన్.

నా ప్రాణం అక్కడే సగం పోయింది.

"ఏమంటున్నారు?" పోపో నా మోచెయ్యి పొడిచింది.

"అమ్మాయి... వాళ్లమ్మతో చెప్పాలట," అని ఆవిడ చెవిలో గొణిగాను.

"ఆ తల్లే!" అని పళ్లు నూరింది. "తలలో పిన్ను తీసి ఆకాశంలో గీత గీసింది. గీత నదైంది. పిల్లలు చెరో ఒడ్డున. చెడ్డ మనిషి!"

నా చెయ్యి దానంతటదే నా కొప్పులోని పిన్ను మీదికి వెళ్లింది.

"ఈసారి తల్లి ఒప్పుకుందా?" గొంతు పెంచింది.

"ష్!"

"ఆఁ? ఒప్పుకుందా లేదా?" ఈసారి వీధి చివరి కుక్క కూడా మొరిగింది.

ఆవిడ నోరు మూయించడమే నాకు కావలసింది. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను: "యెస్! మదర్ సేస్ యెస్!"

రెయిలింగ్ మీంచి రెండు తలలు, ఒక ఫోన్ లైటు కిందికి వంగాయి.

"మామ్?!"

"ఆంటీ... రియల్లీ?"

కాదని నోరు తెరిచాను. పోపో నా రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తోంది. "ఇన్నేళ్లలో మొదటిసారి తల్లి ఒప్పుకుంది!" పైన శ్రావ్య కళ్లూ అలాగే ఉన్నాయి. తెరిచిన నోరు మూసుకున్నాను.

కంచె అవతలి నుంచి మావారి కేక: "ఏమేవ్! ఆదివారం డాక్టరుగారి భోజనాలు ఉన్నట్టా, లేనట్టా?"

నేను దూరిన ద్రాక్షపందిరి మరుసటి వేసవికల్లా పెళ్లిపందిరి అయింది. అందుచేత సమస్త పక్కిళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: అనుమానమొస్తే ఎదురుగా నిలబడి అడుగుతాను తప్ప, ఏ తీగ కిందా దూరను. ఒక్క పోపో పిలిస్తే మాత్రం ఏటా వెళ్తాను, చెవుల్లో దూది పెట్టుకుని.