చిన్నాయిన ఎడమచెయ్యి

మొన్న మా అల్లుడు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొని, దానికి గేర్ ఆయిల్ మార్పించాలంటే, తోడుగా నేనూ శామీర్‌పేట దాకా వెళ్ళాను. గుట్టలెక్కే బండి కదా, చిక్కటి ఆయిలైతే బలంగా ఉంటుందని అల్లుడు ఒక డబ్బా తనే కొని తెచ్చాడు. మెకానిక్కు దాని మీది రాత చదివి పక్కన పెట్టేశాడు. "గిది వెనుక చక్రాల హౌసింగ్‌ల పోసేది సార్. గేర్‌బాక్సుల పోస్తే లోపలి ఇత్తడి రింగులు ఖరాబైతయ్, ఇగ గేర్లు పడయ్" అన్నాడు. అల్లుడు నవ్వి సరేనన్నాడు. నాకు నవ్వు రాలేదు. బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాను.

నేను కుర్రవాడిగా ఉన్న రోజుల్లో మేడ్చల్ వైపు తిరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రావల్కోల్ దారిలో ద్రాక్ష తోటలుండేవి. మా చిన్నాయిన, అంటే మా నాయిన తమ్ముడు, అలాంటి ఒక తోటలో జీపు డ్రైవరు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి అది. పెట్టెల నిండా పండుతో రాళ్ళు తేలిన గుట్ట చడావు ఎక్కుతున్నా ఆయన గేరు మార్చిన సంగతి పక్కన కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. ఒక్క పండు నలగకుండా దించుతాడని పక్క తోటలవాళ్ళు కూడా ఆయన్నే అడిగేవారు, ఆ పేరు తనకుందని ఆయనకూ తెలుసు గనుక మీసం కొంచెం ఎక్కువే దువ్వేవాడు. బండి రిపేర్లు మాత్రం నావి. మేడ్చల్‌లో సొంత షెడ్డు పెట్టి ఏడాది కాలేదు గానీ, నాకు రాని పని లేదని గట్టి నమ్మకం.

ఒకసారి గేర్‌బాక్సు గుయ్యిమంటుంటే ఆయిల్ మార్చాల్సి వచ్చింది. దాంట్లో పలచటిదే పోయాలని నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పే ఉన్నాడు. అయినా చిక్కటిదైతే మోత తగ్గుతుందని సొంత తెలివి చూపించి, హౌసింగ్ కోసం తెచ్చిన ఆయిలే దానికీ నింపాను. మోత నిజంగానే తగ్గింది, తోట యజమాని శభాష్ అన్నాడు. కొన్ని నెలలకు రెండో గేరు కర్రుమనడం మొదలైంది. చిన్నాయిన షెడ్డుకు వచ్చి, "ఏం ఆయిల్ పోసినవ్ రా, గేరు పడ్తలేదు" అని అడిగాడు. శభాష్ అనిపించుకున్న పనిలో తప్పుందని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఆయిల్ మంచిదేననీ, నీ చెయ్యే మొద్దుబారినట్టుందనీ నవ్వుతూ అనేశాను.

ఆయన నమ్మాడు. చిన్నమ్మ రోజూ పొద్దున్నే గేరు మార్చే ఆ ఎడమచేతికి నువ్వుల నూనె రాసి కాపడం పెట్టేది, ఆయన అరుగు మీద కూర్చుని ఉత్త గాలిలో గేర్లు మార్చి చూసుకునేవాడు. చిన్నమ్మ పోరు పెడితే ఎముకల డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోయినవాణ్ణి కూడా నేనే. చేతిలో ఏ లోపమూ లేదని డాక్టరు చెబితే, వయసు కదా సార్, అని పక్కనుంచి అందించాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ కోతల కాలంలోనే చడావు మధ్యలో రెండో గేరు పడక, జీపు వెనక్కి జారి రాళ్ళ కట్టను గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ పండంతా నుజ్జయింది. యజమాని ఏమీ అనకముందే చిన్నాయిన తాళంచెవి ఆయన చేతిలో పెట్టి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. బండి నా షెడ్డుకే వచ్చింది. విప్పి చూస్తే ఇత్తడి రింగులు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా కొత్తవి వేసి, పలచటి ఆయిల్ పోసి బిగించాను. కొత్త డ్రైవరు చేతిలో గేర్లు మెత్తగా పడుతుంటే, లోపం ముసలాయన చేతిలోనే ఉండేదని అందరూ తేల్చేశారు. నేనూ తలూపాను.

చిన్నాయిన మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. మొన్న శామీర్‌పేట నుంచి అల్లుణ్ణి పంపించేసి, నేను ఆటో ఎక్కి రావల్కోల్‌లో చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి, ఏదీ దాచకుండా అంతా చెప్పాను.

"చెయ్యి జారుతదని మనుమరాలిని ఒక్కనాడన్న ఎత్తుకోలే బిడ్డా. ముంగట కూసోని సూసుకుంట ఉండె" అన్నది చిన్నమ్మ.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, అన్నం తిని పొమ్మన్నది.

తిరిగి వస్తుంటే ఆ చడావు ఎక్కడుండేదో ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను. తోటలు ప్లాట్లయ్యాయి, నేలంతా చదునై తారు పడింది, గేరు మార్చే పనే లేని కార్లు వరుసగా పోతున్నాయి. చేతి పనితనం మీద ఒక మనిషి తలెత్తుకుని బతికేవాడంటే ఇప్పటివాళ్ళకు అర్థం కాకపోవచ్చు. నాకు అప్పుడే బాగా తెలుసు. తెలిసే దాన్ని ఆయన నుంచి లాక్కున్నాను.