ఊఁ కొట్టే కుర్చీ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం వంటింట్లో చాటలో బియ్యం ఏరుతుంటే ముందుగదిలోంచి రూతమ్మ టీచరు దగ్గు వినిపించింది. కథ మొదలుపెట్టే ముందు గొంతు సర్దుకునే పొడిదగ్గు. ఆవిడ పోయి ఏడాది దాటింది. చెయ్యి ఆగిపోయింది. దగ్గు తర్వాత కథ, కథ మధ్యలో మౌనం, మౌనంలోంచి మళ్లీ ఆ గొంతు: "నిద్రపోయావా?"

"లేదమ్మా," అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

కాసేపు ఆగి, "అయితే విను," అంది గొంతు. చాట జారి బియ్యం గచ్చంతా చెదిరింది.

వెళ్లి చూస్తే మనవరాలు కీర్తి బోర్లా పడుకుని నా ఫోనులో పిల్లల కథల వెబ్‌సైటు పెట్టుకుంది. గొంతు పలికే ఒక్కొక్క మాటా తెరమీద పచ్చగా వెలుగుతోంది. అది టీచరు చెప్పిన చివరి కథ. నేను దగ్గర లేనప్పుడు చెప్పింది. అందుకే అంతవరకు దాన్ని వినలేకపోయాను.

చిలకలగూడలో మా ఇంటి పక్క వాటా ఆవిడది. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి బడిలో చదువు చెప్పి రిటైరయ్యారు. తర్వాత ఆ వెబ్‌సైటు వాళ్ల కోసం ఇంట్లోనే కూర్చుని ఫోనులో కథలు రికార్డు చేసేవారు. ఒకరోజు గోడ మీదుగా నన్ను పిలిచారు. "నర్సమ్మా, గోడకి చెప్పుకున్నట్టుందే ఇది. ఎదురుగా ఊఁ కొట్టే మనిషి లేకపోతే నాకు కథ సాగదు. కాస్త వచ్చి కూర్చో."

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మోండా మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు వెంట పట్టుకుపోయాను. ఈనెలు తీసే చప్పుడు కూడా రికార్డవుతోందని గిన్నె బయట పెట్టించారు. "ఖాళీ చేతుల్తోని కూసుంటే పొద్దెట్ల పోతదమ్మా?" అన్నాను. "పోనీ," అన్నారావిడ. నా బతుకులో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నది అప్పుడే. నాకిచ్చిన పాత పేము కుర్చీ, ముందుకు వంగితే కిర్రుమనేది. కథలో భయం వచ్చినప్పుడల్లా నేను వంగేదాన్ని, అది కిర్రుమనేది. దాన్ని మాత్రం ఆవిడ ఆపలేదు. "అది కూడా ఊఁ కొడుతోంది, కొట్టనీ," అనేవారు.

ఒకసారి నా మనసు పొయ్యి మీది పప్పు దగ్గరుంది. టీచరు కథ చెబుతూ చెబుతూ, నక్క కొండను చంకలో పెట్టుకుని సినిమాకి పోయిందన్నారు. "ఊఁ," అన్నాను. రికార్డింగు ఆపేశారు.

"ఎవరు పోయారు సినిమాకి?"

"ఎవరో పోయిన్రు తియ్యమ్మా. టికెట్ నాది గాదు గదా."

ఆవిడ నవ్వారు గాని వదల్లేదు. "నర్సమ్మా, ఊఁ అంటే నేను విన్నానని సాక్ష్యం. వినకుండా సాక్ష్యం చెప్పకు."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. అంతవరకు నేను ఎవరి మాటనైనా పని చేసుకుంటూ సగం చెవితోనే విన్నాను, కన్నబిడ్డల మాటలతో సహా. మూడో తరగతితో బడి మానేసిన నాతో ఆవిడ తెరమీద మాటల కింద వేలు పెట్టించి, మళ్లీ చదవడం కూడా నేర్పారు.

బోయిగూడలో మా అమ్మాయి కాన్పుకని వెళ్లి నెలరోజులు ఉండిపోయాను. ఆ నెలలోనే టీచరు ఆఖరి కథ చెప్పారు, ఆ నెలలోనే వెళ్లిపోయారు. ఆ కుర్చీ మా ఇంటికి చేరింది.

బియ్యం చెదిరిన మర్నాడే వెబ్‌సైటు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. ఎందుకైనా మంచిదని టీచరు నా నంబరు ఇచ్చి ఉంచారట. ఆ కథ మధ్యమధ్యలో ఆగిపోతోందని, పాడైందేమోనని తల్లిదండ్రులు రాస్తున్నారట. ఖాళీలు కత్తిరించేయాలి, లేదా నేను వచ్చి వాటిలో ఊఁ అనాలి, అదీ కాకపోతే కథనే తీసేస్తామంది. విని చెబుతానన్నాను.

కుర్చీలో కూర్చుని, ఖాళీ చేతులతో మొదటినుంచీ విన్నాను. బావిలో గొంతు పారేసుకున్న పిల్ల కథ అది. ఖాళీలన్నీ ఒక్క తీరుగా లేవు. మామూలు మాట తర్వాత నా మామూలు ఊఁ పట్టేంత. బావి లోపలినుంచి ఎవరో పిల్ల పేరు పెట్టి పిలిచినచోట, భయంతో నాకు ఊఁ ఆలస్యమయ్యేంత. నేను లేకుండానే నా ఊపిరి కొలతకు కథ చెప్పారావిడ.

"నానమ్మా, గప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గదా?" అంది కీర్తి.

"లేనే. బోయిగూడల ఉన్న."

"మరి కుర్చీ చప్పుడైతుంది?"

ఫోను చెవికి ఆనించుకున్నాను. బావి పిలిచినచోట, ఆ పొడుగాటి మౌనంలో, కిర్రుమని సన్నగా వినిపించింది. ఎవరైనా ముందుకు వంగితే తప్ప ఆ కుర్చీ మోగదు. "గాలికేమోలే," అన్నాను. కీర్తి నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఆ అమ్మాయికి ఫోను చేసి కత్తిరించవద్దన్నాను, నేనూ ఊఁ అననన్నాను. ఆ ఖాళీలు వినే పిల్లలవి. కథ పైన పెట్టమని ఒక్క వాక్యం నేనే ఫోనులో అక్షరం అక్షరం వెతుక్కుని రాసి పంపాను: "ఆగినచోట మీరు ఊఁ అనండి. విన్నాకే అనండి." వాళ్లు అలాగే పెట్టారు. ఇప్పుడు మా వాకిట్లోని పిల్లలంతా ముందుగది కుర్చీలో పెట్టిన ఫోను చుట్టూ చేరి ఊఁ కొడుతున్నారు.

నిన్న కథ సగంలో ఉండగా వాళ్లంతా ఆటకు పరిగెత్తారు. ఫోను ఆ కుర్చీలోనే మోగుతోంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఓర్వలేని దాన్ని నేను. ఆపుదామని వంటింట్లోంచి బియ్యం చాటతోనే గుమ్మం దాకా వెళ్లాను. "నిద్రపోయావా?" అంది గొంతు. వెనక్కి వచ్చి చాట పక్కన పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకుని, "లేదమ్మా," అన్నాను. ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. ఫోనులోదో, గదిలోదో వెళ్లి చూడలేదు. ఆవిడ చెబుతున్నారు, నేను వింటున్నాను.