మొసలి నోట్లో మందాకిని

మొన్న గుడివాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్తే, వసారాలో పిల్లలు అష్టాచెమ్మా ఆడుతున్నారు. చింతపిక్కల్ని స్టీలు గ్లాసులో వేసి గలగలలాడించి నేలమీద బోర్లించారు. ఆ చప్పుడు చెవినపడగానే చేతిలో కాఫీ సంగతి మరిచిపోయాను. మనసు బందరు వెళ్ళిపోయింది, జేకబ్ మావయ్య వాళ్ళ వసారాలోకి. ఆయనా పాచికల్ని స్టీలు గ్లాసులోనే ఆడించేవారు. కాకపోతే అవి ఇరవై ముఖాల పాచికలు.

జేకబ్ మావయ్య మాకు చుట్టం కాదు, పక్కింటాయన. ఓడల్లో వైర్‌లెస్ ఆఫీసరుగా చేసి, రిటైరయ్యాక సొంతూరు వచ్చేశారు. ఏ రేవులో కొన్నారో గానీ, ఒక కథలాట నియమాలున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, గుడ్డసంచీ నిండా పాచికలు వెంట తెచ్చుకున్నారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆదివారం చర్చీ, భోజనాలూ అయ్యాక వసారాలో చాప పరిచేవారు. ఆయన కథ చెప్పేవారు. మేం ఆ కథలో తలొక వీరుడిగా ఏం చేస్తామో చెప్పేవాళ్ళం. అనుకున్నది జరుగుతుందో లేదో పాచికలు తేల్చేవి. ఆడేవాళ్ళం ముగ్గురమే: నేను, మావయ్య భార్య రూతత్తయ్య, మేడమీద గదిలో అద్దెకుండే కోడూరు శ్రీను. వాడు పాలిటెక్నిక్ పేరుతో వచ్చి చెడుగుడు ఆడుకునే రకం.

నా సంగతీ చెప్పాలి. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె వాల్వు పాడైంది. అప్పట్నుంచి నేను ఆటలో అరటిపండునే. దొరికినా దొరకనట్టే, ఓడినా గెలిచినట్టే. డిగ్రీకొచ్చాక కూడా నేనేం చదవాలో, ఎక్కడికి వెళ్ళకూడదో అందరూ నా తలమీదుగా మాట్లాడేసుకునేవారు. అందులో ప్రేమ లేదనను. కానీ ఒళ్ళు మండిపోయేది. మొదటి ఆదివారమే మా అమ్మ గోడమీంచి కేకేసింది: "అన్నయ్యగారూ, దాన్ని కాస్త చూసి ఆడించండి. ఓడితే బెంగపడుతుంది."

"పాచికకి కళ్ళు లేవు చెల్లెమ్మా," అన్నారు మావయ్య. నాకు ఆయన తెగ నచ్చేశారు.

ఆ పుస్తకంలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి పట్టుల అధ్యాయం. ఒకరినొకరు ఒడిసిపట్టుకుంటే ఎవరికి ఏ చెయ్యి ఆడుతుంది, ఎవరు ఎలా విడిపించుకోవాలి అని పేజీలకు పేజీలు. ఒకసారి నలుగురు దొంగలు శ్రీనుగాడి వీరుణ్ణి పట్టేశారు. వాడు చాపమీద ఎగిరి కూర్చున్నాడు: "గీత తాకేశా మావయ్యా! నన్ను పట్టుకున్నోళ్ళు నలుగురూ అవుట్!"

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇది చెడుగుడు కాదురా," అని మావయ్య కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత పుస్తకం తిరగేసి, "అయినా నువ్వన్నదాంట్లో కొంత ఉంది. పట్టుకున్నవాడు కూడా ఇరుక్కున్నట్టే. వాడి చేతులూ ఖాళీగా ఉండవు," అన్నారు.

కథలో నా మనిషి పేరు మందాకిని, విలుకత్తె. నేను తియ్యలేని పరుగులన్నీ ఏడాది పైగా అదే తీసింది. ఒక ఆదివారం మేం ముగ్గురం తాటిదోనెలో ఏరు దాటుతున్నాం. నడిమధ్యలో మొసలి లేచి మందాకిని తొడ పట్టి నీళ్ళలోకి లాగేసింది. ఆ దగ్గరలో విల్లు పనికిరాదు.

"కరుస్తాను! నాకూ పళ్ళున్నాయి," అన్నాను.

మావయ్య పేజీ తిప్పారు. "మొసలి కోరలు పుట్టుకతో వచ్చిన ఆయుధం. మనిషి పళ్ళు ఆ లెక్కలోకి రావమ్మా."

"ఎందుకు రావు?"

"చెరుకు కొరకడానికి వస్తాయి. మొసలి తోలుకి రావు."

రెండుసార్లు విదిలించుకోబోయాను, కుదరలేదు. నా ముఖం చూసి రూతత్తయ్య కరిగిపోయింది. "పోనిద్దురూ, ఆటే కదండీ. పిల్లని చంపేస్తారా ఏంటి?" శ్రీను కూడా అందుకున్నాడు: "ఈసారికి వదిలెయ్యండి మావయ్యా, పాపం." మళ్ళీ అదే! మా ఇల్లు గోడ దూకి ఇక్కడికీ వచ్చేసింది.

"వంతు సరళది. సరళనే చెప్పనివ్వండి," అన్నారు మావయ్య. "ఏం చేస్తావమ్మా?"

ఆలోచించాను. "నన్ను పట్టుకున్నంతసేపూ దాని నోరు ఖాళీ ఉండదు కదా?"

"ఉండదు."

"వీళ్ళని కరవడం కుదరదు కదా?"

"నిన్ను వదిలితేనే."

"అయితే నేనే దాన్ని వదలను. మెడ కావలించుకుంటాను, ఉడుంపట్టు. దోనె ఒడ్డు చేరేదాకా పట్టుకునే ఉంటాను."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాచిక అందరి ముందే వేశారు. పట్టు నిలిచింది. మళ్ళీ వేశారు, నిలిచింది. దోనె ఒడ్డు చేరింది. ఆ పైసారి నిలవలేదు. "మందాకిని మునిగిపోయింది," అన్నారు మెల్లగా. నేను బావురుమన్నాను. "మీకు జాలి లేదు," అనేసి ఇంటికి వచ్చేశాను. పై ఆదివారం వెళ్ళలేదు.

ఆయనే వచ్చారు. అమ్మ ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి, "కోపం తగ్గిందా?" అన్నారు.

"తగ్గలేదు."

"జాలి లేక కాదమ్మా. ఆ పాచిక చాటుగా వేసుంటే నిన్ను కచ్చితంగా బతికించేసేవాణ్ణి. అప్పుడు వాళ్ళని ఒడ్డు చేర్చింది నువ్వు కాదు, నేనయ్యేవాణ్ణి."

ఫలానాది నేను చేశానని నాతో అన్న మొదటి మనిషి ఆయన. పై వారం వెళ్ళి కథలోకి కొత్త మనిషిని తయారుచేసుకున్నాను. అదీ కొన్నాళ్ళకి నా తొందరపాటువల్లే చచ్చింది. నన్ను నేనే హాయిగా తిట్టుకున్నాను.

మావయ్య పోయి చాలాకాలమైంది. నిరుడు నా వాల్వు మార్చాలన్నారు. డాక్టరుగారు మా ఆయన్ని పక్కకి పిలిచి, "ఆవిడకి ఇవన్నీ చెప్పక్కర్లేదు, కంగారుపడతారు," అంటుంటే వినబడింది. లేచి వెళ్ళి డాక్టరుగారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గుండె నాదండీ. నాతో చెప్పండి."

ఆపరేషన్లో బతకకపోవచ్చన్న మాటతో సహా అన్నీ చెప్పారు. భయం వేయలేదంటే అబద్ధం. మా ఆయన ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. డాక్టరుగారు నా జవాబు కోసమే చూస్తున్నారు.

"చేయించుకుంటాను," అన్నాను.