పాలపొడి డబ్బా చప్పుడు

జిలానీ బాషాది రాయచోటి. కువైట్‌కు వచ్చిన కొత్తలో అబ్బాసియాలో గదికి ఎనిమిది మందిలో ఒకడిగా పడుకుని, పనికోసం చెప్పులరగదీసినవాడే. చివరికొక కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, దొరికాడు. ఆయనకు వఫ్రా దగ్గర తోట, తోట వెనక కంచె వేసిన మైదానం, అందులో పద్దెనిమిది జింకలు. వేటగాళ్ల పుణ్యమా అని ఆ ఎడారిలో జింకన్నదే కనిపించకుండా పోయింది. వీటిని పెంచి మళ్లీ ఎడారిలోకి వదలాలని ఆయన పంతం. మన జిలానీ ఇస్త్రీపెట్టె పట్టినవాడే గానీ మేకను మేపిన పాపాన పోలేదు. అయినా పని పనే కదా!

నేర్పినవాడు కడప దావూద్ చాచా, పదిహేనేళ్లుగా అదే పనిలో తలపండినవాడు. అడుగుజాడ చూసి కుంటుతున్నదేదో, పెంటికలు చూసి కడుపు చెడిందేదో చెప్పేవాడు. నీళ్లు గోడ వెనక నుంచి పైపుతో వదలాలి. మేత అవి దూరంగా ఉన్నప్పుడు పోసి రావాలి. మనిషి కనపడకూడదు, గొంతు వినపడకూడదు.

"ఒరే జిలానీ, మనిషిని జూస్తే వాటికి గుండె జారాల. ఆ బయమే వాటి పానం. దాన్ని తీసేస్తివా, నువ్వే గొంతు కోసినట్ల" అనేవాడు.

జిలానీ తలూపాడు. ఊపడానికేం, తల తనదే!

1990 వేసవికి ముందు ఒక జింక ఈనుతూ చచ్చిపోయింది. పిల్లను జిలానీ సీసాపాలతో బతికించి, బంగారీ అని పేరు పెట్టాడు. అంతవరకు తప్పు కాదు. ఆ తర్వాత ఖాళీ పాలపొడి డబ్బాలో బార్లీ పోసి గలగలలాడించడం మొదలుపెట్టాడు. చప్పుడు వింటే బంగారీ పరుగున వచ్చేది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. రెండు నెలలు తిరిగేసరికి మంద మొత్తం అతని చేతిలో తినసాగింది. అయినవాళ్లకు దూరంగా ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? దావూద్ చాచా నోటికొచ్చినట్టు తిట్టాడు. జూలైలో సెలవు మీద కడపకు పోతూ, "నేనొచ్చేలోగా మాన్పించు" అని మరీమరీ చెప్పాడు. జిలానీ రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు.

ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం దిగింది. కఫీల్ పెళ్లాంబిడ్డలతో సౌదీకి పారిపోతూ తోట దగ్గర బండి ఆపాడు. "గేటు తెరిచి వదిలెయ్ జిలానీ, అవన్నా బతకనీ. ఖలాస్" అని కళ్లొత్తుకున్నాడు. జిలానీ అరిచి, ఇసుక విసిరి జింకలను దిబ్బల అవతలికి తరిమాడు.

ఐదో రోజు ముగ్గురు సైనికులు జీపులో వచ్చారు. వాళ్లూ ఆకలిమీద ఉన్నవాళ్లే. నీళ్లు తాగి, తుపాకులు గోడకానించి, నీడన కూలబడ్డారు. ఒకడు ఇసుకలో గిట్టల జాడలు చూపించి, జింకలేవని అడిగాడు. అంతే. కొట్టలేదు, బెదిరించలేదు. పోయాయంటే సరిపోయేది. కానీ జిలానీ చూపు గోడకానించిన తుపాకుల మీదే ఉంది. వీళ్ల కడుపు నిండితే తన జోలికి రారనుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే లోపలికెళ్లి డబ్బా తెచ్చి గలగలలాడించాడు.

దిబ్బ మీద మొదట కనిపించింది బంగారీయే. తిన్నగా వచ్చి అతని అరచేతిలో మూతి పెట్టింది. తుపాకీ పేలగానే మిగతావి చెదిరిపోయాయి. ఆపొద్దని సైనికుడు సైగ చేశాడు. అయ్యో, అప్పుడన్నా ఆపి ఉండకూడదా! ఆపలేదు. చెదిరినవి మళ్లీ వచ్చాయి. జీపులో పట్టినన్ని వేసుకుని, పోతూ పోతూ ఆ డబ్బా కూడా పట్టుకుపోయారు.

జిలానీ అక్కడి మనవాళ్లందరితోపాటు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా ఊరు చేరాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ దావూద్ చాచాను చూడ్డానికి కడప బస్సెక్కలేదు. ఏ ముఖం పెట్టుకుని ఎక్కుతాడు? యుద్ధం ముగిశాక కఫీల్ మళ్లీ పిలిపించాడు. తలకు తుపాకీ పెట్టారని జిలానీ చెబితే, "పాపం, ఏం చేస్తావు!" అని ఆయన భుజం తట్టాడు. ఆ చెయ్యి తగిలినచోట ఒళ్లు మండిపోయింది.

కొత్త జింకలొచ్చాయి. వాటితోపాటు పని నేర్చుకోవడానికి ఓబులేసు వచ్చాడు. ఒకరోజు అతను గడ్డిపరక చాపి పిల్ల జింకను పిలుస్తుంటే, జిలానీ రాయి తీసి పిల్ల కాళ్ల దగ్గరకు విసిరాడు. అది ఉలిక్కిపడి ఉరికింది.

"ఏందన్నా, నోరులేనిదాన్ని రాయితో కొడ్తావు? నీకు గుండెకాయ ఉండాదా?" అన్నాడు ఓబులేసు.

జిలానీ ఇసుకలో చతికిలబడ్డాడు. "ఆ పొద్దు తుపాకి గోడకు ఆనించుండె, ఓబులేసూ. కఫీల్‌కు చెప్పిందంతా అబద్దం. నన్నెవురూ బెదిరియ్యల్యా. నేనే పిలిచినా. నన్ను నమ్మి వచ్చినాయి."

ఓబులేసు చేతిలో గడ్డిపరక జారిపోయింది. దూరంగా పిల్ల జింక ఆగి, వాళ్లవైపే తిరిగి చూసింది. జిలానీ కళ్లు తుడుచుకుని ఇంకో రాయి తీసుకున్నాడు.