లీకేజీ సున్నా అని రాసేవాళ్లకు

మా సారు పోయారని ఆళ్లగడ్డ నుంచి మోటార్లు చుట్టే అన్న ఫోన్ చేశాడు. "సారు పొద్దున్నే పోయినాడప్పా. బేగా రా" అన్నాడు. నంద్యాలలో ఒక కాలేజీలో నాకు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పిన సారు ఆయన.

ఆయన పేరెత్తితే తోటి సార్లు మూతి విరిచేవాళ్లు. లీకేజీ సారు అని ఎగతాళి. మోటారు, తీగ, లోడు అన్నీ కంప్యూటర్‌లో ముచ్చటగా గీసి, తీగలోంచి నేలలోకి కారిపోయే కరెంటు దగ్గర మాత్రం సున్నా పెట్టి చేతులు దులుపుకునే మేధావులు మరి! మా సారు జేబులో ఎర్ర పెన్సిల్ ఉండేది. ఏ బొమ్మ చూపించినా తీగకీ నేలకీ మధ్య ఒక గీత గీసి, "ఈడ ఎంత పోతాంది?" అని అడిగేవారు. తెలీదంటే కోప్పడేవారు కాదు. సున్నా అంటే కాగితం విసిరేసేవారు. "లీకేజీ లేని తీగ, తప్పు చేయని మనిషి కాగితం మీదనే ఉంటారప్పా" అనేవారు.

నేనూ ఆ మేధావుల జాతే, దాచుకోవడం దేనికి? చివరి ఏడాది రైతు మోటార్లకి ఒక ట్రిప్ పెట్టె చేశాను. కరెంటు నేలలోకి కారితే వెంటనే సరఫరా ఆపి మనిషిని కాపాడే పెట్టె. తీగ మామూలుగా ఎంత కారుతుందో మే నెలలో, నెర్రెలిచ్చిన నల్లరేగడిలో కొలిచాను. మీటరు ముల్లు కదల్లేదు. సున్నా రాసుకుని, ఆళ్లగడ్డలో సారు పక్కచేను రైతు మోటారుకి బిగించి వచ్చాను.

వరినాట్లప్పుడు సారు నన్ను బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్లారు. తడిలో పాత తీగ కొద్దికొద్దిగా కారుతోంది. తడి తీగకి అది మామూలే. నా పెట్టెకి ఆ సంగతి తెలియక మాటిమాటికీ ట్రిప్పయి మోటారు ఆపేసింది. విసిగిపోయిన రైతు పెట్టెను దాటించి, కరెంటు నేరుగా మోటారుకి పోయేలా ఒక ముక్క వైరు కట్టేశాడు.

"ఏం చేయాలప్పా, మడి ఎండిపోతాంది. నీ పెట్టె నిలబడితే గదా!" అన్నాడు.

ఆ మోటారు రోజూ వేసేది ఆయన భార్య, మడిలోంచి తడికాళ్లతో వచ్చి.

"ఆ యప్పను ఏమీ అనాకు. ఆ వైరు కట్టింది నువ్వే. ఎండాకాలంలో నేల గూడా సాధువే రా, తడిసినాకనే దాని గుణం తెలిసేది" అన్నారు సారు. సిగ్గుతో ఏడ్చాను. ఆయన మెయిన్ ఆపించి, వైరు పీకి, ఆ తడిలోనే మళ్లీ నాతో కొలిపించి లెక్క సరిచేయించారు. ఆ పెట్టె ఇప్పటికీ పనిచేస్తోంది. ఆమె కూడా చల్లగా ఉంది.

నిన్న కాలేజీలో సంతాప సభ. ఫొటో చుట్టూ సీరియల్ బల్బులు! ఆయనేమైనా కొత్తగా తెరిచిన సెల్‌ఫోన్ దుకాణమా? ఎగతాళి చేసిన నోళ్లే తీరని లోటు అంటున్నాయి. ఇంతలో తుంపర పడింది. గడ్డిలో పరిచిన అతుకుల వైరు తడిసి ట్రిప్ స్విచ్ పడింది. రెండుసార్లు ఎత్తినా మళ్లీ పడింది.

"ఏం కాదులేప్పా, డైరెక్ట్ ఇచ్చేయ్" అన్నాడు కాలేజీ ఎలక్ట్రికల్ శాఖ పెద్దాయన, బల్బులు కట్టిన కుర్రాడితో. మా సారు సంతాప సభలో! థూ!

స్విచ్‌ను దాటించి ఒక ముక్క వైరు కట్టి ఇచ్చేశారు. బల్బులు వెలిగాయి. పిల్లలు చెప్పులు విడిచి, పూలు పట్టుకుని తడిగడ్డి మీద వరసకట్టారు.

నేను పరుగున వెళ్లి మెయిన్ దించి, ఆ వైరు పీకి జేబులో వేసుకున్నాను. మైకు ఆగిపోయింది. మైకు ముందు నిలబడ్డ పెద్దాయన పెదాలు ఆడుతూనే ఉన్నాయి గానీ ఒక్క మాటా వినపడలేదు. బల్బులు ఆరిన ఫొటో ముందుకి పిల్లలు వట్టికాళ్లతో ఒక్కొక్కరే వచ్చి, పూలు వేసి వెళ్తున్నారు.