జైనబీ చెప్పిన పది నియమాలు

అయిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగితే దిగదు, దగ్గితే రాదు. మా ఆయనకు చెప్పబోయి కూర గురించి మాట్లాడాను. మా అమ్మకు చెప్పబోయి వానల గురించి మాట్లాడాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో. తిరువూరులో నన్ను చాలామంది మెచ్చుకుంటారు. పొదుపు గురించి మాటొస్తే నా పేరే చెబుతారు. ఇల్లు సర్దుకోవడం ఆవిడ దగ్గర నేర్చుకోవాలంటారు. ఆ మెప్పు నాది కాదు. అది చెప్పడానికే కూర్చున్నాను.

డెబ్బై నాలుగో సంవత్సరం మొదలైన రోజులు. పంచదార రేషను కార్డు మీదే ఇచ్చేవాళ్ళు. కిరసనాయిలుకు క్యూలో నిలబడేవాళ్ళం. నూనె ధర వింటే గుండె దడ. మా మహిళా సంఘం ప్రెసిడెంటుగారు జనవరి ఒకటిన అందరినీ పిలిచి ఒక పోటీ పెట్టారు. ఈ ఏడు ఇల్లు పొదుపుగా, ఆరోగ్యంగా, పద్ధతిగా నడపడానికి ఎవరేం చేయదలచుకున్నారో పది నియమాలు రాసివ్వాలి. బాగున్నవి ఎంచుతారు. ఎంచినవి రాసినవాళ్ళు ఏడాదంతా పాటించాలి. మూడు నెలలకోసారి ఇంటికొచ్చి చూస్తారు.

"మన సంవత్సరాది ఉగాది కదమ్మా, అప్పుడే ఏం నియమాలు?" అని ఒక పెద్దావిడ నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయపడ్డాను.

మా ఇల్లు అప్పుడెలా ఉండేదో చెబితే మీకు అర్థమవుతుంది. మా ఆయనది విత్తనాల కొట్టు. పగలంతా కూర్చునే ఉండడం, రాత్రికి వేపుళ్ళు తినడం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పిల్లలిద్దరికీ ఎప్పుడూ దగ్గే. ఇరవయ్యో తారీకు వచ్చేసరికి వంటింట్లో డబ్బాలు ఖాళీ. బీరువా తాళంచెవి కోసం రోజూ వెతుకులాట. నేను పొలాలున్న ఇంట్లో పుట్టినదాన్ని. గాదె నిండా ధాన్యం చూసి పెరిగాను. కొలిచి వాడడం నాకెవరూ నేర్పలేదు, నేర్చుకోవాలని నాకూ అనిపించలేదు. ఎస్సెల్సీ ప్యాసయ్యాను, చేతిరాత బాగుంటుంది. నా గొప్పంతా అదే.

మా ప్రహరీకి ఆనుకుని రెండు గదుల ఇంట్లో జైనబీ ఉండేది. ఆమె భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. నలుగురు పిల్లలు. వాళ్ళింట్లో ఒక్కనాడూ కిరసనాయిలు అయిపోలేదు, ఒక్కనాడూ ఎవరినీ చేబదులు అడగలేదు. పిల్లలు జ్వరమని స్కూలు మానడం నేను చూడలేదు. ఆమెకు చదువు రాదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేది.

పోటీ సంగతి విని నా దగ్గరకొచ్చింది. "నేను చెబుతా, నువ్వు రాసిపెట్టక్కా," అంది. మధ్యాహ్నం మా వసారాలో కూర్చున్నాం. ఆమె చెబుతుంటే నేను రాశాను. పప్పు నానబెట్టాకే స్టవ్వు వెలిగించాలి. వారానికి సరిపడా నూనె చిన్న సీసాలో పోసుకోవాలి, అది అయిపోతే ఆ వారానికి అంతే. వారానికి రెండుసార్లు మునగాకు. నీళ్ళు కాచి తాగాలి. పొగ ఉన్నచోట పిల్లల్ని పడుకోబెట్టకూడదు. శుక్రవారం ఏ కొట్టు ముఖమూ చూడకూడదు. బజారుకు నడిచి వెళ్ళాలి, మగవాళ్ళు కూడా. కరెంటు పోయి చీకట్లో చెయ్యి పెట్టినా అగ్గిపెట్టె చేతికి రావాలి. ఒక్కో నియమం చెప్పి, అది ఎందుకో కూడా చెప్పేది. నేను కలం ఆపి వింటూ ఉండిపోయేదాన్ని. ఇన్నాళ్ళూ గోడ పక్కనే ఉండి ఇవేవీ నాకు కనపడలేదేం అనుకున్నాను.

కాగితం అడుగున పేరు కోసం జాగా వదిలాను. ఎందుకు వదిలాను? అప్పుడే రాసేయవచ్చు కదా, జైనబీ అని. మూడక్షరాలే కదా. ఆమె వేలిముద్ర కూడా అక్కడే వేయించవచ్చు కదా. వదిలినప్పుడు నా మనసులో ఏమీ లేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ మాట నమ్మకంగా అనలేను.

కాగితాలు ఇవ్వాల్సిన రోజున ప్రెసిడెంటుగారి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నా కాగితం మీద ఒకటే నియమం ఉంది, ఉదయం అయిదింటికి లేస్తాను అని. అది కూడా అబద్ధమే. రెండో చేతిలో, ఇచ్చి రమ్మని జైనబీ నాకు అప్పగించిన కాగితం. లోపలి నుంచి నన్ను పిలిచారు. కలం తీసి జైనబీ కాగితం కింద నా పేరు రాశాను. నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకున్నాను. ఎంతసేపు పట్టింది? చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంతసేపు.

ఆ నియమాలే మొదటివిగా ఎంచారు. జైనబీ గోడ దగ్గరకొచ్చి అడిగింది. "నాదేమైందక్కా?"

కాగితం పోయిందని చెప్పి ఉండవచ్చు. ఎంపిక కాలేదని చెప్పి ఉండవచ్చు. నేను అంతకంటే హీనమైన అబద్ధం చెప్పాను.

"వేలిముద్రల వాళ్ళవి వద్దన్నారు జైనబీ."

ఆమె కొంచెంసేపు గోడ మీద సున్నపు పెచ్చును గోటితో గీకింది. "అంతేలే అక్కా. చదువు రానిదాని మాటలు ఎవరిక్కావాల?" అని వెళ్ళిపోయింది. ఆ వేసవిలో లారీ యజమాని లారీ అమ్మేశాడు. వాళ్ళ సంసారం ఆమె పుట్టిల్లు పెనుగొలనుకు వెళ్ళిపోయింది. బండి కదులుతుంటే నాకు భారం తగ్గినట్టనిపించింది. ఎంత సిగ్గుమాలిన మాటో చూడండి. అయినా నిజం అదే.

ఇక ఆ ఏడాది. మీరేమనుకున్నా సరే, ఇదీ చెప్పాలి. ఆ ఏడాది నేను గెలిచాను. దొంగిలించిన నియమాలే కావచ్చు, ఒక్కటీ తప్పకుండా పాటించాను. మొదటి వారంలోనే నూనె సీసా నాలుగో రోజుకు ఖాళీ అయింది. ఇంకో చుక్క పొయ్యకుండా ఆ వారమంతా పచ్చి పులుసుతో, ఆవిరి కుడుములతో నడిపించాను. మా ఆయన అలిగాడు. తర్వాత తిన్నాడు. తర్వాత అడిగి పెట్టించుకున్నాడు. పొద్దున్నే ఇద్దరం విజయవాడ రోడ్డు మీద నడిచేవాళ్ళం. మొదట్లో మైలురాయి దగ్గర ఆగి రొప్పేవాడు, ఎండాకాలానికి నన్నే తొందరపెట్టేవాడు. చొక్కాలు వదులైతే దర్జీ దగ్గరకు వెళ్ళి కుట్టించుకుని, బజారంతా తిరిగి చూపించుకున్నాడు. పిల్లల దగ్గు పోయింది. నెల చివరి రోజున డబ్బా అడుగున ఇంకా పప్పు ఉండడం చూసి నేను ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి నవ్వాను. సంఘంవాళ్ళు చూడడానికొచ్చినప్పుడు ఒకావిడ కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. అగ్గిపెట్టె చేతికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఏడాది చివర నాకే బహుమతి ఇచ్చారు. తర్వాత ఆ నియమాలు చెప్పమని చుట్టుపక్కల ఊళ్ళకు పంపారు. నెమలి అనే ఊరు, వినగడప. పెళ్ళయ్యాక ఒంటరిగా బస్సెక్కింది అప్పుడే. మైకు ముందు నా గొంతు మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు పులకరించింది. ఒక ఊళ్ళో ఒకామె నా చేతులు పట్టుకుని, నువ్వు చెప్పినట్టు చేశాక నా బిడ్డ ఒళ్ళు చేశాడమ్మా అంది. ఆ సంతోషం అబద్ధమా? కాదు. మరి నాదా? ఈ రెండు ప్రశ్నల మధ్య నేను అయిదేళ్ళు తిరిగాను. పగలు గర్వంగా ఉండేది. ఎవరైనా, ఇవన్నీ మీకెలా తోచాయండీ అని అడిగితే మాత్రం చూపు తిప్పుకునేదాన్ని. ఏదో అలా తోచాయండీ అనేదాన్ని.

ఈ జనవరిలో పెనుగొలను పంపారు. రెండు రోజుల కార్యక్రమం. వెళ్ళనని చెప్పడానికి కారణాలు వెతికాను. దొరకలేదు, లేదా దొరకాలని నేను కోరుకోలేదు. మొదటి రోజు మాట్లాడుతుంటే మూడో వరుసలో, చాప మీద, జైనబీ. నేను నియమాలు చెబుతూ పోయాను. ఆమె కదలకుండా విన్నది. అయిపోయాక దగ్గరకొచ్చింది.

"బాగా చెప్పావక్కా. నేనూ అట్టాగే అనుకునేదాన్ని, గుర్తుందా? నావి వద్దన్నారుగా."

తెలిసి అందో, తెలియక అందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"జైనబీ, నిన్న నేను చెప్పిన పది మాటలూ నీవే. ఆ రోజు నీ కాగితం మీద నా పేరు రాసుకున్నాను. వేలిముద్రలు వద్దని ఎవరూ అనలేదు. నేనే అన్నాను."

ఆమె చేతులు ఆగాయి. "ఎవరూ అన్లేదా?"

"అనలేదు."

ఒళ్ళోని తొడిమలు కింద దులిపేసింది. అంతకుముందు దాకా అక్కా, నువ్వు అన్న మనిషి, అప్పుడు మీరు అంది.

"మా పెద్దపిల్ల కాపురానికెళ్తుంటే నాలుగు మంచిమాటలు చెబుదామని నోటిదాకా వచ్చిందండి. చెప్పలా. నా మాటలు పనికిరావని నలుగురూ తేల్చేశారనుకున్నా. అయిదేళ్ళు అట్టాగే అనుకున్నా."

"నేను..."

"క్షమించమని అడగమాకండి. అడిగినా ఇచ్చేందుకు అది ఇప్పుడు నా దగ్గర లేదు." చేతులు కడుక్కుని లేచింది. "మీటింగు ఎన్నింటికి?"

"పదిన్నరకి."

"ఇవాళ నేను చెబుతా. మీరు కూర్చోండి."

మీటింగులో ముందు నేను లేచి అందరికీ చెప్పాను, ఇంతకాలం నేను చెప్పినవన్నీ ఈవిడ మాటలే, ఈవిడ దగ్గర నేర్చుకున్నవే అని. దొంగిలించాను అన్న మాట గొంతు దాటలేదు. చాప మీద కూర్చున్నాను.

జైనబీ మైకును పక్కకు జరిపేసింది. మొదట గొంతు సన్నగా వచ్చింది. వెనకనుంచి ఎవరో వినపడట్లేదన్నారు. పెంచింది. పది నియమాలు అనుకున్నాను నేను. ఆమె దగ్గర నలభై ఉన్నాయి. ఏ గింజకు ఎంతసేపు నాననివ్వాలో, ఏ ఆకు ఏ జబ్బుకో, సంతలో చివరన కొంటే ఏది లాభమో, ఏది నష్టమో చెబుతోంది. నేను అయిదేళ్ళు కంఠతా పట్టి అప్పజెప్పాను. ఆమెకు కంఠతా పట్టాల్సిన అవసరమే లేదు. ఒక ముసలామె అడ్డుప్రశ్న వేస్తే, ఆమె ఇంట్లో ఎంతమందో, ఎన్ని గేదెలో అడిగి మరీ జవాబు చెప్పింది. జనం నవ్వారు, వాదించారు, ముందుకు జరిగి కూర్చున్నారు. భోజనాల వేళ దాటినా ఒక్కరూ లేవలేదు. అలాంటి మీటింగు నేను ఒక్కటీ జరపలేదు. నా చేతులు నాకు తెలియకుండానే చప్పట్లు కొడుతున్నాయి. ఓడిపోయి ఇంత సంతోషపడడం ఉంటుందా? ఉంటుంది. నేను చూశాను.

సాయంత్రం బస్సు దగ్గరకు ఆమె రాలేదు. నావైపు చూడనూ లేదు. ఆమె చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. వచ్చే నెల నుంచి ఊళ్ళకు జైనబీని పంపమని సంఘానికి రాశాను. పంపుతున్నారు. గంపలగూడెంలో ఆమె మాట్లాడితే చోటు చాలక అరుగుల మీద నిలబడి విన్నారట. ఆ కబురు విన్నరోజు మా ఇంట్లో పాయసం వండాను. ఎందుకని మా ఆయన అడిగాడు. ఊరికే అన్నాను.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమిస్తుందని ఎదురుచూడడం లేదు. ఆ రోజు అందరి ముందూ నేర్చుకున్నాను అన్నాను కదా, అది సగమే. మిగతా సగం ఈ కాగితం మీద పెడుతున్నాను. నేను నేర్చుకోలేదు. దొంగిలించాను. ఒక మనిషి మాటలను, ఆ మాటల మీద ఆమెకున్న నమ్మకాన్ని కూడా.

రాసేశాను.